ఉప్పునీటికి బాకీ లేని పక్షులు

కాకినాడ చేపల రేవులో జనవరి నెలలో పడవల చుట్టూ మూగే తెల్లటి గల్ పక్షుల్ని చూస్తే ఇవి సముద్రం బిడ్డలే అనిపిస్తుంది. ఉప్పుగాలి, చేపల వాసన, అలల మీద తేలే తీరు అన్నీ ఆ మాటే చెబుతాయి. కానీ ఆ గుంపులో ఎక్కువగా కనిపించే గోధుమతల గల్ సముద్రపు ఒడ్డున పుట్టదు. దాని పుట్టిల్లు టిబెట్ పీఠభూమి, లద్దాఖ్. సో మొరిరీ లాంటి సరస్సుల దగ్గర, సముద్రమట్టానికి నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున అది గుడ్లు పెడుతుంది. అక్కడి నుంచి ఏ దిక్కుకు వెళ్లినా సముద్రం రావాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైనే పోవాలి. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూ విరుచుకుపడినప్పుడు పట్టెతల బాతులతో పాటు చచ్చి పడిన పక్షుల్లో ఈ గోధుమతల గల్ కూడా ఉంది, దాని బంధువైన పెద్ద నల్లతల గల్ కూడా ఉంది. గూళ్లు కట్టుకునే కాలంలో అవి అక్కడే ఉన్నాయి మరి. అంటే మన తీరంలో కనిపించే గల్ సొంత ఊళ్లో ఉన్న పక్షి కాదు, చలికాలం గడుపుకోవడానికి వచ్చిన పక్షి. సరస్సులు గడ్డకట్టిన నెలల్లో గడ్డకట్టని నీళ్ల కోసం దిగి వస్తుంది, మార్చి, ఏప్రిల్ నాటికి తిరుగుముఖం పడుతుంది.

కాబట్టి సముద్రపు పక్షి సముద్రానికి దూరంగా ఎందుకు బతుకుతోంది అని అడిగితే ప్రశ్నే తలకిందులుగా పడుతుంది. అడగవలసింది వేరే: సముద్రం ఈ పక్షులకు ఇచ్చేది ఏమిటి? అదే మరోచోట దొరికితే సముద్రంతో పనేమిటి? దీనికి జవాబు వెతకడానికి తీరప్రాంతం కన్నా సింగరేణి బొగ్గు ప్రాంతమే మంచి చోటని నా వాదన. రామగుండం, గోదావరిఖని నుంచి అతి దగ్గరి తీరం కూడా 300 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అయినా ఇక్కడ పారే గోదావరి గల్ కుటుంబంలోని ఒక పక్షికి ఏడాది పొడవునా ఇల్లు. దాని పేరు నదీ టెర్న్. పసుప్పచ్చ ముక్కు, నల్ల టోపీ, చీలిన తోక, నీళ్ల మీద ఎగురుతూ ఎగురుతూ నిట్టనిలువునా దూకే అలవాటు. బొగ్గు బాయిల ఊళ్లో ఈ పక్షికి ఏం దొరికింది, ఏం పోయింది అన్నది లెక్క తీస్తే గల్ జాతి మొత్తం గుట్టు బయటపడుతుంది.

ముందు ఒంటి నిర్మాణం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది అనుమానం అక్కడే మొదలవుతుంది. గల్ పక్షి కళ్ల పైన, పుర్రె గాళ్లలో, రెండు ఉప్పు గ్రంథులు ఉంటాయి. సముద్రపు నీళ్లు తాగి, సముద్రపు తిండి తిన్నాక రక్తంలో ఎక్కువైన ఉప్పును ఆ గ్రంథులు చిక్కటి ద్రవంగా ముక్కు రంధ్రాల గుండా బయటికి పంపేస్తాయి. 1950ల చివర్లో శరీరధర్మ శాస్త్రవేత్త క్నూట్ ష్మిట్-నీల్సన్ నీటికాకుల మీద, గల్ పక్షుల మీద చేసిన పరిశోధనతో ఈ సంగతి వెలుగులోకి వచ్చింది. ఇంత ఏర్పాటు ఉన్న పక్షి సముద్రం కోసమే పుట్టిందని అనుకోవడం సహజం. కానీ ఆ గ్రంథుల తీరు గమనిస్తే తేలేది దానికి వ్యతిరేకం. మంచినీళ్లు తాగి బతికే రోజుల్లో అవి చిన్నవవుతాయి, పని దాదాపు మానేస్తాయి. ఉప్పునీళ్లకు చేరితే కొద్ది రోజుల్లో మళ్లీ పెరుగుతాయి. ఉప్పు లేకపోతే బతకలేని జీవికి ఇలాంటి సర్దుబాటు అక్కర్లేదు. ఇది ఉప్పునీటి మీద ఆధారపడటం కాదు, ఉప్పునీటిని తట్టుకునే శక్తి. రెండింటికీ తేడా చాలా ఉంది. చేప నీళ్లు వదిలి బతకదు, గల్ మాత్రం ఉప్పు వదిలి హాయిగా బతుకుతుంది. తిండి విషయంలో అయితే దానికి పట్టింపే లేదు. చేప, పీత, వానపాము, మిడత, పక్కగూటి పిల్ల, ఎంగిలి రొట్టె, దేనికైనా సిద్ధమే.

ఒళ్లూ కడుపూ ఇంత స్వేచ్ఛ ఇచ్చాక ఇక పక్షిని కట్టిపడేసేది ఏమిటి? గుడ్లు. గల్, టెర్న్ పక్షులు తీతువు పిట్ట ఉన్న వర్గానికే చెందినవి. తెలంగాణ చెలకల్లో రాళ్ల మధ్య, గూడు అని చెప్పుకోవడానికి ఏమీ లేకుండా, మచ్చల గుడ్లు పెట్టే తీతువును తెలియని వాళ్లుండరు. ఈ వర్గంలో చాలా పక్షులకు చెట్టెక్కి గూడు కట్టే చదువు లేదు, తొర్రలో దాక్కునే చదువూ లేదు. నేల మీద, ఆకాశం కింద, బట్టబయలుగా పెట్టాలి. అలా పెట్టిన గుడ్డుకు రెండే రక్షణలు. ఒకటి నేల రంగులో కలిసిపోయే మచ్చలు. జంతువుల ప్రవర్తన మీద కృషికి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న నికో టిన్‌బెర్గెన్, ఇంగ్లండులోని రేవెన్‌గ్లాస్ ఇసుకదిబ్బల మీద నల్లతల గల్ గూళ్లను పరీక్షించి 1962లో ఒక ముచ్చటైన ఫలితం ప్రకటించాడు. పిల్ల బయటికి వచ్చాక తల్లిదండ్రులు పగిలిన పెంకును దూరంగా తీసుకెళ్లి పడేస్తాయి. ఆయన కావాలని పెంకుల్ని గుడ్ల పక్కనే ఉంచి చూస్తే, పెంకు లోపలి తెలుపును ఆనవాలు పట్టి కాకులు వచ్చి మిగతా గుడ్లు తినేశాయి. పెంకు ఎంత దగ్గరగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. ఇక రెండో రక్షణ మచ్చలకన్నా పెద్దది: నక్క, కుక్క, ఉడుము నడిచి రాలేని చోటు. అంటే చుట్టూ నీళ్లున్న బోడి నేల. సముద్రం ఈ పక్షికి ఇచ్చేది ముఖ్యంగా ఇదే. తీరం వెంబడి దీవులు, ఇసుక మేటలు, రాతి గట్లు కావలసినన్ని ఉంటాయి. కానీ దీవి అనేది సముద్రం సొత్తు కాదు. సరస్సులో ఉంటుంది, చిత్తడిలో ఉంటుంది, ఎండాకాలం నదిలోనూ ఉంటుంది.

ఈ ఊహ నిజమైతే దీవి ఉన్నచోటల్లా, సముద్రం ఎంత దూరమున్నా, గల్ కుటుంబం కనిపించాలి. కనిపిస్తోంది. అమెరికాలో ఉటా రాష్ట్రపు రాష్ట్రపక్షి కాలిఫోర్నియా గల్. పసిఫిక్ తీరం అక్కడికి దగ్గరదగ్గర వెయ్యి కిలోమీటర్లు. 1848లో కీటకాల దండు పంట మీద పడితే ఈ పక్షులు వచ్చి తినేసి తమను కాపాడాయని అక్కడి తొలి వలసదారుల వారసులు చెప్పుకుంటారు. కథ కాస్త పెరిగి ఉండొచ్చు గానీ పక్షి మాత్రం అక్కడి సరస్సు దీవుల మీద కాపురం ఉన్నదే, దారి తప్పి వచ్చింది కాదు. అమెరికా నడిబొడ్డు గడ్డి మైదానాల్లో ఫ్రాంక్లిన్ గల్ చిత్తడి మధ్య తేలే రెల్లు గూడు మీద పొదుగుతుంది. వీటన్నిటికన్నా నాకు గట్టి సాక్ష్యంగా తోచేది చిలీ దేశపు బూడిదరంగు గల్. దాని తిండి అంతా సముద్రంలోనే. అయినా గుడ్లు పెట్టేది తీరంలో కాదు. ప్రపంచంలోనే అతి పొడి ఎడారి అటకామాలో, తీరం నుంచి పదుల కిలోమీటర్లు లోపలికి, గడ్డిపోచ కూడా లేని చోట. అంత ఎండిన నేల మీద వేటాడే జంతువు కూడా బతకడం కష్టం కాబట్టి అది నీళ్లు లేని దీవి. రోజూ సముద్రానికి పోయి తిండి తెచ్చే శ్రమ భరించి అయినా ఆ పక్షి క్షేమమైన నేలనే ఎంచుకుంది. తిండీ గూడూ రెండూ ఒకచోట దొరకని పరిస్థితిలో గల్ దేనికి ఓటు వేస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు.

మరి నిజంగా సముద్రానికే కట్టుబడిన గల్ లేదా అంటే ఉంది, కిట్టీవేక్. ఉత్తర సముద్రాల్లో నిలువు కొండచరియల మీద, పాదం పట్టేంత అంచుల్లో గూడు కడుతుంది, చలికాలం నడిసముద్రంలో గడుపుతుంది. కానీ టిన్‌బెర్గెన్ శిష్యురాలు ఎస్తర్ కలెన్ 1957లో చూపించినట్టు, ఆ జీవితం కోసం అది ఎన్నో అలవాట్లు మార్చుకోవలసి వచ్చింది. దాని పిల్లలు ఇతర గల్ పిల్లల్లాగా పరుగెత్తవు, పరుగెత్తితే కింద పడతాయి. తల్లి పెంకుల్ని పారేయదు, ఆ చరియ దాకా వచ్చే శత్రువులు తక్కువ కాబట్టి. సముద్రానికి అతుక్కుపోయిన గల్ మామూలు గల్ కాదు, మారిపోయిన గల్.

ఇక గోదావరికి వద్దాం. ఇక్కడొక అభ్యంతరం ముందే వినిపిస్తుంది: నదీ టెర్న్ గల్ కాదు కదా, దాన్ని పట్టుకొని గల్ సంగతి తేల్చడమేమిటి? న్యాయమైన ప్రశ్నే. ఒకప్పుడు వీటిని వేర్వేరు కుటుంబాలుగా రాసేవారు. ఇప్పుడు గల్, టెర్న్, నీళ్లను ముక్కుతో చీల్చుకుంటూ పోయే స్కిమ్మర్, మూడింటినీ ఒకే కుటుంబంలో కలిపారు. టెర్న్ ఎగిరే తీరు వేరు, తిండి దాదాపు చేపలే, ఆ మేరకు గల్ కన్నా పట్టింపు ఎక్కువ. కానీ గుడ్డు విషయంలో తేడా లేదు. నేల అదే, బోడితనం అదే, చుట్టూ నీళ్లుండాలన్న షరతు అదే. పైగా నదీ టెర్న్ సముద్రం ముఖం చూడటం అరుదు. మన ఎండల్లో గల్ ఎందుకు గూడు పెట్టదన్నది కూడా ఇక్కడే తేలుతుంది. గల్ పక్షుల పొదిగే కాలం ఉత్తరపు సరస్సులతో ముడిపడి ఉంది. మంచు కరిగాక, మే నుంచి జూలై దాకా. గోదావరిలో జూలై అంటే వరద, ఇసుక తిన్నె మీద నిలువెత్తు నీళ్లు. నదీ టెర్న్ మాత్రం ఈ నది లెక్క ప్రకారమే నడుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నుంచి నీళ్లు తగ్గి తిన్నెలు తేలగానే రెండు మూడు గుడ్లు పెడుతుంది. పొదగడానికి ఇంచుమించు మూడు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో నాలుగైదు వారాలు. తొలకరి వరద వచ్చేలోపు అంతా ముగియాలి. ఆ నెలల్లో రామగుండం ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, ఇసుక అంతకుమించి కాలుతుంది. ఇలాంటి ఎండల్లో టెర్న్‌లూ తీతువులూ నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. ఆ వేళ గుడ్డును పొదగడం అంటే వేడి ఇవ్వడం కాదు, వేడి తగలకుండా చూడటం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. గల్ పక్షులు లోతట్టుకు రావడానికి కారణం దీవులూ కావు, గుడ్లూ కావు, మనిషి పారేసిన చెత్త అని చాలామంది నమ్మకం. ఐరోపాలో, అమెరికాలో ఊళ్ల చెత్తకుప్పల మీద వేలకొద్దీ గల్ పక్షులు వాలడం అందరూ చూసిందే. మన దేశంలో ఢిల్లీ యమునా ఘాట్ల దగ్గర, ప్రయాగ సంగమం దగ్గర చలికాలంలో జనం విసిరే కారప్పూస కోసం పడవల చుట్టూ కమ్ముకునే గల్ పక్షుల ఫొటోలు ఏటా పత్రికల్లో వస్తాయి. తిండి దొరికిన చోటికి పక్షి వస్తుందన్నది కాదనలేని మాట. కానీ ఢిల్లీ గల్ మార్చిలో ఏం చేస్తుంది? కారప్పూస విసిరే చెయ్యి అక్కడే ఉంటుంది, పక్షి మాత్రం ఉండదు. తిండి దాన్ని నిలపలేకపోయింది. చెత్త అనేది గల్ చలికాలం ఎక్కడ గడుపుతుందో, ఎన్ని బతికి బట్టకడతాయో చెబుతుంది. ఎక్కడ పుడుతుందో చెప్పదు. ఐరోపా పట్నాల్లో గల్ పక్షులు ఏకంగా కాపురమే పెట్టాయి నిజమే, అయితే ఎక్కడ? మేడల కప్పుల మీద. చదునైన కప్పు, పైన కంకర, నక్క ఎక్కలేని గోడలు. చెత్తకుప్ప పక్కనే బోలెడంత ఖాళీ నేల ఉన్నా అక్కడ పెట్టకుండా మేడెక్కిందంటే అది వెతికింది దీవినే. చెత్త వాదం తప్పు కాదు, సగం.

మూడో అభ్యంతరం స్థానికమైనది. దాని మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి. బొగ్గు ప్రాంతంలో నీళ్లు పెరిగాయి, కాబట్టి నీటిపక్షులకు మంచి రోజులు వచ్చాయని ఒక లెక్క. చూడటానికి సరైన లెక్కే. దాదాపు 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వచ్చింది, ఎన్టీపీసీకీ హైదరాబాద్ దాహానికీ నీళ్లు అక్కడి నుంచే. ఎన్టీపీసీ సొంత జలాశయం ఉంది. 2019లో కాళేశ్వరం ప్రారంభమయ్యాక మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల వెనక నీళ్లు నిలిచి, ఎండాకాలం ఇసుక తప్ప కనిపించని గోదావరి నది గోదావరిఖని దగ్గర నిండుగా కనబడింది. దానికి తోడు ఓపెన్‌కాస్టు గనులు బొగ్గు అయిపోయాక వదిలిన గోతుల్లో చేరే నీళ్లు. చలికాలపు అతిథులకు ఇదంతా లాభమే. మీసాల టెర్న్, బాతులు, అక్కడక్కడ దారి మధ్యలో ఆగే గల్ పక్షులు, వీటికి కావలసింది విశాలమైన నీళ్లు, చేపలు, రాత్రి నిద్రకు నిరపాయమైన చోటు. కానీ నీళ్లు వేరు, దీవి వేరు. నిండిన బ్యారేజీ తిన్నెలను మింగేస్తుంది. ఇసుక అడుగునే ఉంటుంది, గుడ్డుకు మాత్రం చోటు ఉండదు. ఎల్లంపల్లి లాంటి జలాశయంలో ఎండాకాలం మట్టం తగ్గుతూ ఎత్తయిన దిబ్బలు తేలే మాట నిజం. కర్ణాటకలో భద్రా జలాశయం అలా తేలిన దిబ్బల మీదే నదీ టెర్న్‌ల పెద్ద కాలనీకి ఆశ్రయమిచ్చి పేరు తెచ్చుకుంది. అయితే మట్టం ఇంకా తగ్గితే దిబ్బ ఒడ్డుకు కలిసిపోతుంది, ఊరకుక్కలు నడిచి వస్తాయి. ఎగువ నుంచి నీళ్లు వదిలితే ఒక్క రాత్రిలో మునిగిపోతుంది. నది తన లెక్కన తగ్గి పెరిగే రోజుల్లో పక్షికి ఆ లెక్క తెలుసు. గేట్ల లెక్క, పంపుల లెక్క దానికి తెలిసే దారి లేదు.

ఇసుక కథ ఇంకొకటి ఉంది, అది ఈ ప్రాంతానిదే. సింగరేణి భూగర్భ బాయిల్లో బొగ్గు తీసిన ఖాళీ కూలిపోకుండా, ముఖ్యంగా పైన ఊళ్లో వాగులో ఉన్నచోట, నీళ్లతో కలిపిన ఇసుకను పైపుల గుండా కిందికి పంపి నింపుతారు. దశాబ్దాల పాటు ఆ ఇసుక గోదావరిదే. నది మోసుకొచ్చిన దీవి ముక్క ముక్కగా భూమి లోపలికి వెళ్లిందన్నమాట. ఇది నింద కాదు. ఆ ఇసుక లేకపోతే పైన ఇళ్లు కుంగేవి, కింద కార్మికుల ప్రాణాలు పోయేవి. ఇప్పుడు ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది నుంచి తవ్విపోసిన మట్టిని, అంటే ఓబీని, కడిగి ఇసుక తీసే ప్లాంట్లు కూడా సింగరేణి పెట్టింది, నది మీద భారం ఆ మేరకు తగ్గుతుంది. ఇళ్ల కట్టుబడికి లారీలెక్కే ఇసుక సంగతి వేరు. ఎంత తీశారన్న దానికన్నా పక్షికి ముఖ్యం ఎప్పుడు తీశారన్నది. ఇసుక రీచ్‌లలో పని జోరందుకునేది నీళ్లు తగ్గిన నెలల్లో, అంటే సరిగ్గా గుడ్లు ఇసుక మీద ఉన్నప్పుడు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం నదీ టెర్న్‌ను ఇప్పుడు ముప్పులో ఉన్న పక్షుల్లో చేర్చింది. దాని చుట్టాలు నల్లపొట్ట టెర్న్, స్కిమ్మర్ మరింత ప్రమాదంలో ఉన్నాయి. మూడూ తిన్నె మీద పొదిగేవే. అదే దేశంలో, అవే నీళ్ల మీద, చలికాలానికి వచ్చి పోయే గోధుమతల గల్‌కు అలాంటి ముప్పు లేదు. దీని తిండి మన దగ్గర, గుడ్డు మరెక్కడో. నీళ్లు మురికై చేపలు తగ్గడం అందరికీ సమానమే. తేడా అంతా గుడ్డు పెట్టే నేల దగ్గరే వచ్చింది.

2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక బ్యారేజీలలో నీళ్లు వదిలేశారు, గోదావరిలో ఇసుక మళ్లీ బయటపడింది. రైతు దృష్టిలో, ఇంజనీరు దృష్టిలో అది నష్టం, దానిమీద విచారణలు జరిగాయి. టెర్న్ దృష్టిలో మాత్రం పాత ఇల్లు ఖాళీ అయింది. బ్యారేజీలు పనికిరావని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. ఎండాకాలంలో ఏ మట్టం ఉంచాలి అన్న నిర్ణయం ఒక్కటే తిన్నెను ఉంచుతుంది, లేదా తీసేస్తుంది అని చూపడానికి ఎత్తాను. మార్చి నుంచి మే చివరి దాకా మట్టాన్ని ఒకచోట కదలకుండా ఉంచితే, అది తిన్నెలన్నీ మునిగేంత ఎక్కువ కానంత వరకు, ఏదో ఒక దిబ్బ పక్షికి దక్కుతుంది. పైకీ కిందికీ ఊగితే ఏదీ దక్కదు.

మనిషి చేసిన దీవిని ఈ పక్షులు ఒప్పుకుంటాయా అన్న సందేహానికి జవాబు ఎప్పుడో వచ్చింది. ఐరోపాలో చెరువుల మీద తెప్పలు కట్టి, పైన కంకర పరిచి వదిలితే టెర్న్‌లు వచ్చి గుడ్లు పెట్టాయి. నల్లతల గల్ పక్షులు వచ్చి ఆ చోటు కోసం వాటితో పోట్లాడాయి కూడా. ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు దాదాపు 500 ఎకరాల్లో పరుచుకుంది. అంత తేలే సామగ్రి నడుమ కంకర పరిచిన కొన్ని తెప్పలకు చోటు దొరకదని అనుకోలేం. పలకల మీద రెట్టలు పడతాయని ఇంజనీర్లు అభ్యంతరం చెబుతారు, అది నిజమైన ఇబ్బందే. అందుకే తెప్పలు పలకలకు దూరంగా ఉండాలి.

ఇంతకన్నా నిలకడైన ఉదాహరణ మరో బొగ్గు సీమ నుంచే ఉంది. తూర్పు జర్మనీలోని లుసాతియాలో లిగ్నైట్ తవ్వి వదిలేసిన గోతులు సరస్సులయ్యాయి. వాటి మధ్య మిగిలిన దిబ్బల మీద, బాల్టిక్ సముద్రానికి ఎంతో దూరాన, గల్ పక్షులు గుంపులుగా పొదుగుతున్నాయి. సింగరేణి ఓపెన్‌కాస్టు గోతులకు ఆ గుణం మామూలుగా ఉండదు. నిటారు బెంచీలు, లోతు నీళ్లు, ఒడ్డున ఓబీ గుట్టలు, మధ్యలో ఏమీ ఉండదు. గని మూసే ప్రణాళికలో గోతి మధ్య ఒక ఓబీ దిబ్బను చదును చేసి వదలాలంటే దాని ఎత్తు ముందే తేల్చాలి. పంపులు ఆపాక ఊట నీళ్లు ఏళ్ల తరబడి మెల్లగా ఎక్కి ఒక మట్టం దగ్గర స్థిరపడతాయి. దిబ్బ ఆ మట్టానికి, వానాకాలపు పెరుగుదలకు కొద్దిగా పైన ఉండాలి. మరీ ఎత్తుంటే తుమ్మా సర్కారు తుమ్మా మొలిచి బోడితనం పోతుంది, తక్కువైతే మునుగుతుంది. ఈ లెక్క డంపర్లు ఇంకా గోతిలో తిరుగుతున్నప్పుడే వేయాలి. నీళ్లు చేరాక దిబ్బ దాకా మట్టి మోయడానికి దారి ఉండదు.